ఆల్ట్‌గ్రాఫ్ ఎవరు?

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద టీ బండి దగ్గర చక్రి గ్లాసు అందుకోబోతుండగా, వెనకనుంచి ఒక స్కూటీ వచ్చి అతని మోచేతిని రాసుకుంటూ ఆగింది.

"అయ్యో, సారీ అండీ," అంది హెల్మెట్ లోపలి గొంతు.

"పర్లేదండీ," అన్నాడు చక్రి. ఎవరిమీదైనా విసుక్కోవడం అతనికి చేతకాదు.

స్కూటీ ఆటోల మధ్యలోంచి దూరి ట్రాఫిక్‌లో కలిసిపోయింది. చక్రి మోచేతి పైన చీమ కుట్టినట్టు చురుక్కుమంది. టీ ఒక గుక్క తాగాడు. రెండో గుక్క గొంతు దిగలేదు. గ్లాసు చేతిలోంచి జారి తారురోడ్డు మీద పగిలింది.

అప్పుడే రోడ్డు దాటి వస్తున్న జ్ఞానేశ్వరి అది చూసి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఒక ప్రభుత్వ గూఢచారి సెక్షన్‌లో సీనియర్ ఫీల్డ్ ఆఫీసర్. చక్రి అదే సెక్షన్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఒకే గదిలో, ఎదురెదురు కుర్చీల్లో నాలుగేళ్లు పనిచేశారు. ఉద్యోగపు మర్యాదలన్నీ పక్కన పెట్టి ఆమెని అక్కా అని పిలిచే మనిషి అతనొక్కడే.

"చక్రీ! ఏమైందిరా?"

అతని పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా... మన 'వేణి'ని ఎవరో... ఆల్ట్‌గ్రా... ఆల్ట్‌గ్రాఫ్..."

చెయ్యి వదులైపోయింది.

"గుండెపోటండీ, ఈమధ్య కుర్రాళ్లకే వస్తోంది," అన్నారెవరో గుంపులోంచి. జ్ఞానేశ్వరి అతని మోచేతి మీద ఆవగింజంత ఎర్రటి చుక్కని చూస్తూ ఉండిపోయింది. ఆమెకి ఏడుపు రాలేదు.

*

కళ్లజోళ్ల షాపు పైన, మొదటి అంతస్తులో "డెల్టా సర్వే సర్వీసెస్" అనే బోర్డుంటుంది. లోపల సర్వే జరగదు. డ్యాములు, కాలవలు, కరెంటు లైన్ల మీద కన్నేసే విదేశీ ముఠాల్ని కనిపెట్టడానికి ఢిల్లీ పెట్టిన చిన్న సెక్షన్ అది. దాని చీఫ్ పూర్ణచంద్రరావు. వంగపండు రంగు మఫ్లర్ ఎండాకాలంలో కూడా తియ్యని పెద్దమనిషి.

ఆ రోజు ఆయన బల్ల చుట్టూ ఇద్దరే ఉన్నారు. ఒకరు జ్ఞానేశ్వరి. రెండోది సుస్మిత.

సుస్మిత గదిలోకి వస్తే ఫ్యాను కూడా కాస్త నెమ్మదిగా తిరుగుతుందని చక్రి నవ్వుతూ అనేవాడు. కూచిపూడి నృత్యం నేర్చిన నడక, పల్చటి షిఫాను చీర, నగ ఒక్కటీ లేని మెడ. సెక్షన్ తరఫున హాంబర్గ్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి పోయిన ఏడాదే వచ్చింది. విదేశీ ముఠాల సమాచారమంతా ఆమె చేతిమీదుగానే నడుస్తుంది.

"బ్రీఫింగ్," అన్నాడు పూర్ణచంద్రరావు. "పోస్ట్‌మార్టమ్‌లో విషం తేలింది. మర్డర్. 'వేణి' అంటే మీ ఇద్దరికీ తెలుసు. బ్యారేజీ గేట్లని కంప్యూటర్ నుంచి ఎత్తి దించే ప్రోగ్రామ్. రాసింది చక్రి. నార్డ్‌లిస్ట్ అనే ముఠా దాని కాపీ సంపాదించిందని ఢిల్లీ అనుమానం. నదుల్ని ఆయుధాలుగా అమ్ముకునే వెధవలు. కొనేవాళ్లకి ముందు ఒక నమూనా చూపించాలట."

"ఏం నమూనా?"

"పైన వరద. బ్యారేజీ నిండుగా ఉంది. ఇంజనీర్లు గేట్లు కాస్తకాస్తగా ఎత్తుతున్నారు. అన్నీ ఒక్కసారి పూర్తిగా లేస్తే కింద లంక ఊళ్లు ఏమవుతాయో ఊహించుకో."

జ్ఞానేశ్వరి ఊహించుకుంది. లంకల్లో పసుపు, కంద తోటల మధ్య ఇళ్లు. గేదెల్ని వదిలి రామని మొండికేసే ఆడవాళ్లు.

"చక్రి ఆఖరి మాట ఆల్ట్‌గ్రాఫ్ అన్నావు కదూ? జర్మన్ పేరులా ఉంది. సుస్మితా, నీ ఫైళ్లలో ఉన్నాడా?"

సుస్మిత క్షణం కూడా తడుముకోలేదు. "ఉన్నాడు సార్. హాంబర్గ్‌లో ఆయుధాల బ్రోకర్. ఒట్టో ఆల్ట్‌గ్రాఫ్. పోయిన నెల కొలంబోలో కనబడ్డాడని రిపోర్టు."

"గుడ్. కొలంబోకి కబురు పెడతాను. జ్ఞానేశ్వరీ, ఇక్కడ వాడి మనుషుల్ని వెతికే బాధ్యత నీది. ఒక్క మాట. చంపిన మనిషి నాకు ప్రాణాలతో కావాలి. వెనకున్న ముఠా మొత్తం బయటపడాలి. అర్థమైందా?"

"అర్థమైందండీ," అంది జ్ఞానేశ్వరి. ఒప్పుకుంటున్నానని మాత్రం అనలేదు.

*

పటమటలో చక్రి ఇల్లు. పెద్దకర్మ ఇంకా కాలేదు. చుట్టాలు హాల్లో చాపల మీద కునుకు తీస్తున్నారు. చక్రి భార్య భానుశ్రీ వెనక గదిలో అతని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఆమె కూడా ప్రోగ్రామరే. గన్నవరం దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది.

"అక్కా, ఆయన చివర్లో ఏమన్నాడో నాకెవరూ చెప్పలేదు."

"ఒక మనిషి పేరు చెప్పాడమ్మా. ఆల్ట్‌గ్రాఫ్."

భానుశ్రీ తలెత్తి చూసింది. నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపై, మళ్లీ ఆగింది.

"మనిషా? అది మనిషి కాదక్కా. మీట! ఇదిగో, స్పేస్‌బార్‌కి కుడిపక్కనున్న ఆల్ట్. చాలా దేశాల కీబోర్డుల్లో దీని పేరు ఆల్ట్‌గ్రాఫ్."

జ్ఞానేశ్వరి కుర్చీ దగ్గరకి లాక్కుంది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"రూపాయి గుర్తు ఎలా కొడతావు?"

"కుడి ఆల్ట్ పట్టుకుని నాలుగు."

"అంతే. మన ఇండియా కీబోర్డు సెట్టింగులో కుడి ఆల్ట్ ఇలాంటి గుర్తులకోసం. కానీ దాన్ని నొక్కితే కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కినట్టు కంప్యూటర్ అనుకుంటుంది. అక్కడే తగాదా. ఎవడో ప్రోగ్రామర్ కంట్రోల్, ఆల్ట్, నాలుగు కలిపి ఇంకో పనికి షార్ట్‌కట్ పెట్టాడనుకో. నువ్వు రూపాయి కొడదామనుకుంటావు, ఆ పని జరిగిపోతుంది. అమెరికా కీబోర్డు మీద రాసేవాడికి ఈ సంగతి తట్టదు. మా ఆయనకీ తట్టలేదు."

"చక్రి ఏం పెట్టాడు?"

"కంట్రోల్, ఆల్ట్, క్యూ. క్వారంటైన్. ఎవరైనా దొంగ చొరబడ్డాడనిపిస్తే ఇంజనీరు అది నొక్కాలి. ఆ లాగిన్ శాశ్వతంగా రద్దు. గేట్లు కంప్యూటర్ మాట వినడం మానేస్తాయి. ఆ తర్వాత బ్యారేజీ మీదకెళ్లి ఒక్కో గేటు దగ్గర నిలబడి నడుపుకోవాల్సిందే. ఇప్పుడు చూడు. జర్మన్ కీబోర్డు మీద ఈమెయిల్ అడ్రస్‌లో ఉండే 'ఎట్' గుర్తు ఎలా కొడతారో తెలుసా? కుడి ఆల్ట్ పట్టుకుని క్యూ."

జ్ఞానేశ్వరి నిటారుగా కూర్చుంది.

"గేట్లు ఎత్తే ముందు కొట్టే చీఫ్ ఇంజనీరు పాస్‌వర్డ్‌లో ఎట్ ఉంది కదూ?"

"ఉంది. ప్రాక్టీసు మోడ్‌లో క్వారంటైన్ నొక్కితే ఏమీ రద్దవదు. ప్రోగ్రామ్ మూసుకుపోతుంది, మా ఆయనకి ఆటోమేటిక్‌గా ఒక రిపోర్టు వస్తుంది. ఆయన పోయిన వారంలో వరసగా రిపోర్టులొచ్చాయి. కీబోర్డు జర్మన్. మీటలు ఆల్ట్‌గ్రాఫ్, క్యూ. మన ప్రోగ్రామ్ జర్మనీలో ఎవడు నడుపుతున్నాడే భానూ, అని తల పట్టుకున్నాడు. పాపం నొక్కేవాళ్లు కూడా ప్రోగ్రామ్ క్రాష్ అవుతోందనే అనుకుని ఉంటారు." ఆమె కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. "సాయంత్రం ఇంటికొచ్చి ఆ షార్ట్‌కట్ మార్చేస్తానన్నాడు. ఈలోగా జర్మనీ సంగతులు తెలిసినవాళ్లని ఒక మాట అడుగుతానన్నాడు."

"ఎవరిని?"

"సుస్మిత గారిని."

జ్ఞానేశ్వరి కుర్చీలోంచి లేచింది.

ఒక మీటని పట్టుకుని, ఒట్టో అని పేరుపెట్టి, కొలంబోలో తిప్పిందన్నమాట సుస్మిత. టీ బండివాడు చెప్పిన స్కూటీ మీది మనిషి ఎవరో జ్ఞానేశ్వరికి ఇప్పుడు తెలిసింది. ఇంకో సంగతి కూడా తట్టింది. సుస్మిత తీరిగ్గా పంపే మెసేజీల్లో తప్పుండదు. హడావిడిలో పంపితే మాత్రం వై ఉండాల్సిన చోట జెడ్, జెడ్ ఉండాల్సిన చోట వై పడుతుంది.

"జర్మన్ కీబోర్డులో ఆ రెండూ తారుమారుగా ఉంటాయి," అంది భానుశ్రీ. "చూసి కొడితే కళ్లు ఇండియాలో ఉంటాయి. తొందరపడితే వేళ్లు హాంబర్గ్ వెళ్లిపోతాయి."

"సార్‌కి చెబితే ఆవిడ చేతికి చిక్కిన చీఫ్ ఇంజనీరు లాగిన్ ఈ క్షణమే రద్దు చేయిస్తారు," అంది జ్ఞానేశ్వరి.

"సర్వర్ చూసేది ఆవిడే కదక్కా. రద్దయిన మరుక్షణం తెలుస్తుంది. మాయమైపోతుంది."

"సార్ ఆవిణ్ణి ప్రాణాలతో పట్టుకోమన్నారు."

"నీకెలా కావాలి?"

జ్ఞానేశ్వరి చెయ్యి నడుము దగ్గరున్న పిస్తోలు మీదకి వెళ్లింది. భానుశ్రీ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

"నాక్కూడా అలాగే కావాలి," అంది.

*

మర్నాటి పొద్దున బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక జారీ అయింది. సుస్మిత సెలవు పెట్టి కూచిపూడి వెళ్లింది. లోరెంజ్ అనే జర్మన్ ఫొటోగ్రాఫరు అక్కడ నృత్యం మీద డాక్యుమెంటరీ తీస్తున్నాడనీ, పాత స్నేహం కొద్దీ సాయం చేస్తున్నాననీ ఆమె నెల్లాళ్లుగా చెబుతూనే ఉంది. వాళ్లు అద్దెకి తీసుకున్న డాబా ఎక్కడుందో సెక్షన్‌లో అందరికీ తెలుసు. ఎవరికీ అనుమానం రాకపోవడానికి అదే కారణం.

జ్ఞానేశ్వరి రెండు ఫోన్లు చేసింది. మొదటిది బ్యారేజీ ఇంజనీరు కృపానందానికి. ఎందుకని అడక్కుండా లంకల్లో జనాన్ని ఇప్పుడే గట్టుకి చేర్చమని వేడుకుంది. రెండోది భానుశ్రీకి.

"మధ్యాహ్నం భోజనాల వేళకి నా దగ్గర్నుంచి ఫోన్ రాకపోతే సార్‌కి ఒక ముక్క చెప్పు. 'రేవు మెట్లు మునిగాయి.' ఆపదలో ఉన్నామని మా సంకేతం అది, మిగతాది ఆయనకి అర్థమవుతుంది."

ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడిలో ఆటో దిగినప్పుడు ఆమె గూఢచారిలా లేదు. నేతచీర, నోట్లో కిళ్లీ, జుట్టుకి తెల్లరంగు, చంకలో రేకుపెట్టె. డ్యాన్సు ప్రోగ్రాములకి నగలు అద్దెకిచ్చే ముసలమ్మ. పెట్టెలో పైన వడ్డాణాలు, జడబిళ్లలు, గజ్జెలు. పాపిడిబిళ్లలో మైక్. అడుగున గుడ్డలో చుట్టిన పిస్తోలు. మైక్ స్విచ్ ఆమె ఆన్ చెయ్యలేదు. తను లోపల చెయ్యబోయేది ఆఫీసులో ఎవరూ వినకూడదనుకుంది.

పక్కింట్లో డ్యాన్సు క్లాసు జరుగుతోంది. కర్రతో తాళం వేస్తూ మాస్టారు చిన్నపిల్లల్ని అదిలిస్తున్నాడు. డాబా గుమ్మం దగ్గర కారు డ్రైవరు అడ్డొచ్చాడు. జయపాల్ అని చొక్కా జేబుమీద కుట్టి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"షూటింగుకి నగలు తెమ్మన్నారయ్యా. సుస్మితమ్మ గారు చెప్పారు."

"పెట్టె తియ్యి."

తీసింది. అతను పైపైన చూస్తాడనుకుంది. అతను చెయ్యి అడుగుదాకా పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది ఆమెకి తలుచుకోవడం ఇష్టముండదు. పిస్తోలు అతని చేతిలోకి వెళ్లింది. ఆమె వెన్నులో గుచ్చుకుంది. మనసు నిండా పగ పెట్టుకుని, పక్కన మనిషి లేకుండా వచ్చినందుకు తన్ను తాను తిట్టుకోవడానికి కూడా టైం దొరకలేదు.

*

మేడమీద గదిలో కిటికీలకి నల్ల తెరలు. గోడమీద పెద్ద స్క్రీను. దానిలో బ్యారేజీ, గేట్ల కిందనుంచి ఎర్రగా దూకుతున్న నీళ్లు. పక్క చదరంలో ఒక లంక రేవు కనబడుతోంది. పడవలోకి గేదెని ఎక్కించడానికి ముగ్గురు తంటాలు పడుతున్నారు. వాళ్ల వెనక ఇంకా జనం ఉన్నారు. కింద వరసలో మొహాల్లేని నల్ల చదరాలు, కొనడానికి వచ్చినవాళ్లు.

లోరెంజ్ బట్టతలవాడు. చూడ్డానికి మర్యాదస్థుడిలా ఉన్నాడు. లాప్‌టాప్ ముందు సుస్మిత. చందనం రంగు పట్టుచీర, మెడ మీద ముడి.

"కిళ్లీ నీకు నప్పలేదు జ్ఞానేశ్వరీ," అంది ఓరకంట చూసి.

"ఒట్టో గారు కొలంబో నుంచి వచ్చేశారా?" అంది జ్ఞానేశ్వరి.

సుస్మిత పెదవి ఒక పక్కకి లేచింది. "తెలిసిపోయిందా? అప్పటికప్పుడు అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు."

"చక్రి నిన్నేం చేశాడే? నీకు కాఫీ తెచ్చిచ్చేవాడు."

"జర్మనీలో ఎవరో వేణి నడుపుతున్నారండీ, ఎవరై ఉంటారు, అని నన్నే అడిగాడు. ఏం చెయ్యమంటావు?" సుస్మిత లాప్‌టాప్ వైపు తిరిగింది. "కూర్చోబెట్టండి. తను కూడా చూస్తుంది."

జయపాల్ ఆమెని కుర్చీలోకి తోసి, భుజం మీద పిస్తోలు ఆనించాడు. రేకుపెట్టెని ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

స్క్రీను మీద వేణి తెరుచుకుంది. దొంగిలించిన డిజిటల్ తాళంతో సుస్మిత లోపలికి వెళ్లింది. ప్రాక్టీసు కాదు, అసలు గేట్లు. "అన్ని గేట్లు, పూర్తిగా" అన్న వరస ఎంచుకుంది. పాస్‌వర్డ్ అడుగుతూ చిన్న గడి తెరుచుకుంది.

లాప్‌టాప్ ఇక్కడ కొన్నదే. మీటల మీద రూపాయి గుర్తు ఉంది. సుస్మిత తల వంచి, ఒక్కో మీటనీ చూసుకుంటూ నెమ్మదిగా కొడుతోంది. చీఫ్ ఇంజనీరు పాస్‌వర్డ్ పొడుగు. ఎట్ ఎక్కడో చివర్లో ఉందని భానుశ్రీ చెప్పింది. ఇలాగే చూసి కొడితే దానికి ఇండియా పద్ధతిలో షిఫ్టు పట్టుకుని రెండు నొక్కుతుంది. అంతటితో గేట్లన్నీ లేస్తాయి.

చేతిలో ఆయుధం లేదు. నోరుంది. జ్ఞానేశ్వరి ఇంగ్లీషులో, లోరెంజ్‌తో మాట్లాడింది.

"మిస్టర్ లోరెంజ్, ఆమె అంత నెమ్మదిగా ఎందుకు కొడుతోందో అడిగారా?"

లోరెంజ్ కనుబొమ్మ ఎత్తాడు.

"ఆమె మా మనిషి. పదేళ్లుగా మా జీతం తీసుకుంటోంది. మీ దగ్గర చేరమని పంపింది మేమే. నేనొచ్చింది ఆమెని వెనక్కి తీసుకెళ్లడానికి. పోలీసులు పామర్రు దాటేశారు. వాళ్లొచ్చేదాకా ఆమె ఇలా ఒక్కో అక్షరం ఏరుకుంటూనే ఉంటుంది."

"నోర్ముయ్!" అంది సుస్మిత.

"మొన్నటిదాకా చూడకుండా టైపు చేసే మనిషి. ఇవాళ చూడండి, ఒకటో క్లాసు పిల్లలా."

లోరెంజ్ గడియారం చూశాడు. స్క్రీను కింద నల్ల చదరాల్లోంచి ఎవరో అసహనంగా ఏదో అన్నారు. అతను కోటు లోపలి నుంచి చిన్న పిస్తోలు తీసి, సుస్మిత చెవి పక్కన పెట్టాడు. జర్మన్‌లో ఒక్క ముక్క అన్నాడు. ఆ భాష రాకపోయినా జ్ఞానేశ్వరికి అర్థమైంది. త్వరగా.

"లోరెంజ్, నీకు పిచ్చా? ఇది అబద్ధం చెబుతోంది!"

"అయితే త్వరగా."

సుస్మిత మొహం ఎర్రగా కందిపోయింది. గడిలో కొట్టినదంతా చెరిపేసింది. నిటారుగా కూర్చుంది. కళ్లు మీటల మీంచి లేచి జ్ఞానేశ్వరి మొహం మీద నిలిచాయి, నిన్ను ఆ తర్వాత చూస్తానన్నట్టు. వేళ్లు మాత్రం పరుగందుకున్నాయి. పక్కింటి కర్ర తాళం కంటే వేగంగా, చూడకుండా, తొమ్మిదేళ్ల అలవాటుతో.

కుడి బొటనవేలు స్పేస్‌బార్ పక్కకి జారింది. ఎడమ చెయ్యి చిటికెనవేలు పై వరస చివరికి లేచింది.

ఆల్ట్‌గ్రాఫ్. క్యూ.

స్క్రీను ఎర్రబడింది. 'క్వారంటైన్. ఈ లాగిన్ రద్దయింది. గేట్లు స్థానిక నియంత్రణలో ఉన్నాయి.' తెలుగులో, పెద్ద అక్షరాల్లో. తన ప్రోగ్రామ్ గేట్ల దగ్గర పనిచేసే లస్కర్లకి కూడా అర్థమవ్వాలని చక్రి పట్టుబట్టి పెట్టిన తెలుగు.

బ్యారేజీ దగ్గర గేట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేవులో గేదె పడవెక్కింది.

నల్ల చదరాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"ఏం చేశావు?" అని లోరెంజ్ అరిచాడు. సుస్మిత మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది. ఎర్రటి తెర కదల్లేదు. జయపాల్ మెడ సాచి అదేంటో చూడబోయాడు. భుజం మీద పిస్తోలు బరువు తగ్గింది.

జ్ఞానేశ్వరి కుర్చీతో సహా వెనక్కి పడింది. తల వెళ్లి అతని మోకాలికి తగిలింది. అతను కూలబడేలోపు పెట్టెలోంచి గజ్జెల పట్టీ ఆమె చేతిలోకి వచ్చింది. సేరు కంచు. మొదటి విసురుకి జయపాల్ దవడ పగిలింది. లోరెంజ్ పేల్చిన గుండు సీలింగులో దిగింది, ఎందుకంటే రెండో విసురు అప్పటికే అతని మణికట్టు మీద పడింది. అతను చెయ్యి పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. మూడో మెట్టు దగ్గర కాలు జారి, కిందిదాకా మెట్లు లెక్కబెట్టుకుంటూ వెళ్లి, అక్కడే పడుకున్నాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. జ్ఞానేశ్వరి తన పిస్తోలు ఏరుకుంది. సుస్మిత నుదుటికి గురిపెట్టింది.

సుస్మిత భయపడలేదు. "కాల్చు," అంది. "నువ్వు వచ్చింది అందుకే కదా. మైక్ కూడా ఆన్ చేసి ఉండవు."

వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. టీ గ్లాసు పగిలిన చప్పుడు, నీలం పెదాలు, హాల్లో చాపలు, అన్నీ ఆ వేలి మీదకి వచ్చి కూర్చున్నాయి. ఇంకొంచెం నొక్కితే చాలు.

"నువ్వు ఎందుకు ఓడిపోయావో తెలుసా?" అంది జ్ఞానేశ్వరి.

"ప్రోగ్రామ్ క్రాష్ అయింది."

"కాలేదు. ఎట్ కోసం నీ వేళ్లు జర్మన్ మీట నొక్కాయి. అది మనవాడి క్వారంటైన్ షార్ట్‌కట్‌తో తగాదా పడింది. హాంబర్గ్‌లో ప్రతిసారీ మూసుకుపోయింది అందుకే."

సుస్మిత కళ్లు లాప్‌టాప్ మీదకి వెళ్లి వచ్చాయి.

"చక్రికి ఆ తప్పు దొరికింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి సరిచేస్తానన్నాడు. కొత్త కాపీ సెక్షన్ సర్వర్‌లోకి, అంటే నేరుగా నీ చేతికే వచ్చేది. ఒక్క పూట అతన్ని బతకనిచ్చి ఉంటే ఇవాళ గేట్లు లేచేవి. నీ పని జరగకుండా చేసింది నేను కాదు. నువ్వే, టీ బండి దగ్గర."

ఆ అందమైన మొహంలో ఏదో లోపల్నుంచి జారి, ముక్కలై, కళ్లలోకి వచ్చింది. తొమ్మిదేళ్లు ఒక ప్రభుత్వాన్నే ఆడించిన మనిషి తన చేతివేళ్ల వంక, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకుంది.

ఆ చూపు చూశాక జ్ఞానేశ్వరికి గుండు దండగనిపించింది. ఈ సంగతి తలుచుకుంటూ సుస్మిత చాలా కాలం బతకాలి. జైలు గదిలో, ప్రతి ఉదయం.

జడకుప్పెల తాడుతో ఆమె రెండు చేతులూ కలిపి కట్టి, భానుశ్రీకి ఫోన్ చేసింది.

"చంపావా అక్కా?"

"లేదమ్మా."

"ఎందుకు?"

"షార్ట్‌కట్ సంగతి చెప్పాను. సాయంత్రం సరిచేద్దామనుకున్నాడని చెప్పాను."

"మొహం ఎలా పెట్టింది?"

జ్ఞానేశ్వరి చెప్పింది. ఏదీ దాచకుండా, నెమ్మదిగా, మొత్తం చెప్పింది. భానుశ్రీ విని విని, ఆఖరికి పెద్దగా ఏడ్చింది. భర్త పోయిన తర్వాత ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారని తర్వాత ఇంట్లోవాళ్లు చెప్పారు.

కింద వీధి తలుపు ఎవరో దబదబ బాదారు. గుండు చప్పుడుకి పోలీసులొచ్చారనుకుంది. పక్కింటి డ్యాన్సు మాస్టారు.

"ఏంటండీ ఆ చప్పుళ్లు? పిల్లలకి తాళం తప్పుతోంది!"

*

సాయంత్రం పూర్ణచంద్రరావు గదిలో ఫ్యాను ఎప్పటి వేగంతోనే తిరుగుతోంది. లోరెంజ్ ఆసుపత్రిలో అడిగినవీ అడగనివీ చెబుతున్నాడు. సుస్మిత ఏమీ చెప్పడం లేదు, అన్నం కూడా తినడం లేదు. లంకల్లో నీళ్లు పొలాల్లోకి వచ్చాయి, మామూలు వరదలాగే. జనం గట్టు మీద ఉన్నారు.

"కృపానందం ఫోన్ చేశాడు," అన్నాడాయన. "ఒక్కో గేటు దగ్గరా మనిషిని నిలబెట్టి నడుపుతున్నారట. మనల్ని తిడుతున్నాడు."

"తిట్టనివ్వండి సార్."

"నాకు చెప్పకుండా వెళ్లావు. మైక్ ఆపావు. అక్కడ నీకేదైనా అయితే, ఆ మనిషి చూసి చూసి సరైన మీట నొక్కి ఉంటే, అన్ని ఊళ్లకి ఎవరు జవాబు చెప్పేవారు?"

జ్ఞానేశ్వరి తల వంచుకుంది. "ఆ భయం నాకు కుర్చీలో కూర్చున్నాక తెలిసిందండీ. అంతకుముందు పగ తప్ప ఇంకేమీ కనబడలేదు."

పూర్ణచంద్రరావు మఫ్లర్ సరిచేసుకున్నాడు.

"నిన్ను సస్పెండ్ చేస్తున్నాను. నెల రోజులు. భానుశ్రీకి తోడుగా ఉండు."

"సరేనండీ. ఆర్డరు ఇప్పుడే ఇస్తారా?"

"ఇప్పుడే," అంటూ ఆయన కంప్యూటర్ ముందుకి జరిగాడు. రెండు చేతులూ కీబోర్డు మీదకి తెచ్చాడు. అక్కడే కాసేపు ఆగాడు. మీటల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా అనుమానంగా చూశాడు.

తర్వాత కీబోర్డుని మెల్లగా పక్కకి తోసేసి, జేబులోంచి పెన్ను తీశాడు.